సిగరెట్ పొగ, రొమ్ము క్యాన్సర్: తరచుగా అడిగే ప్రశ్నలు

పొగాకు అనగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేవి నోరు, గొంతు, ఊపిరితిత్తులు. రొమ్ము ఆ వరుసలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చిన తరువాత కూడా దాని స్థానం గురించి నిపుణుల మధ్య పూర్తి ఏకాభిప్రాయం కుదరలేదు. అందుకే ఒకచోట "సిగరెట్ వల్లే రొమ్ము క్యాన్సర్ వస్తుంది" అనీ, మరొకచోట "ఆ రెండింటికీ సంబంధమే లేదు" అనీ చదువుతుంటాం. రెండూ తప్పే. అసలు సంగతి ఏమిటో ఈ ప్రశ్నలకు సమాధానాలుగా వివరించాం.

సిగరెట్ తాగే స్త్రీకి రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువా?

ఎక్కువే, అయితే ఆ పెరుగుదల ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో ఉన్నంత పెద్దది కాదు. పొగ తాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు తాగనివారితో పోలిస్తే 15 నుంచి 30 రెట్లు ఉంటుంది. రొమ్ము విషయంలో పెరుగుదల రెట్లలో ఉండదు, శాతాల్లో ఉంటుంది. బ్రిటన్‌లో లక్షకు పైగా స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించిన 'జనరేషన్స్' అధ్యయనం 2017లో వెలువరించిన ఫలితాల ప్రకారం, ఎప్పుడైనా పొగ తాగిన స్త్రీలలో ఈ ముప్పు ఎన్నడూ తాగనివారికంటే సుమారు 14 శాతం ఎక్కువగా ఉంది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 73 వేల మందికి పైగా స్త్రీలపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఆ పెరుగుదల అప్పటికీ తాగుతున్నవారిలో 24 శాతంగా, మానేసినవారిలో 13 శాతంగా తేలింది.

14 శాతం అంటే, తాగే వంద మందిలో 14 మందికి జబ్బు వస్తుందనా?

కాదు. శాతాలను చదివేటప్పుడు అందరూ పొరబడే చోటు ఇదే. ఒక లెక్క అనుకుందాం. ఒక ప్రాంతంలో పొగ తాగని స్త్రీలు వెయ్యి మంది ఉంటే, జీవితకాలంలో వారిలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుందనుకోండి. ముప్పు 14 శాతం పెరగడమంటే ఆ 30 కాస్తా 34 కావడం. అంటే వెయ్యి మందికి అదనంగా నలుగురు. ఒక్క మనిషి దృష్టితో చూస్తే ఇది చిన్న సంఖ్యే. కానీ మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే సుమారు 1 లక్షా 92 వేల మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ అయిందనీ, 98 వేల మందికి పైగా మరణించారనీ అంచనా. జబ్బు ఇంత విస్తారంగా ఉన్నప్పుడు నివారించగలిగిన చిన్న కారణాన్నీ వదిలిపెట్టకూడదని మా అభిప్రాయం.

పీల్చిన పొగ ఊపిరితిత్తులకు కదా వెళుతుంది, రొమ్ముకు ఎలా చేరుతుంది?

రక్తం ద్వారా చేరుతుంది. సిగరెట్ పొగలో దాదాపు 7,000 రసాయనాలు ఉన్నాయి, వాటిలో కనీసం 70 క్యాన్సర్ కారకాలు. బెంజోపైరీన్ వంటి హైడ్రోకార్బన్లు, 4-అమైనోబైఫినైల్ వంటి ఆరోమాటిక్ అమైన్లు కొవ్వులో తేలికగా కరుగుతాయి. రొమ్ములో ఎక్కువ భాగం కొవ్వే. ఊపిరితిత్తుల నుంచి రక్తంలో కలిసిన ఈ పదార్థాలు అక్కడికి చేరి నిలుస్తాయి, పాలనాళాల లోపలి గోడగా ఉండే కణాలు వాటిని డీఎన్‌ఏను అంటిపెట్టుకునే రూపంలోకి మార్చగలవు. పొగ తాగే స్త్రీల చనుమొనల నుంచి సేకరించిన ద్రవంలో నికోటిన్ ఉన్నట్లు 1970ల లోనే గుర్తించారు. ఆ స్త్రీలు గర్భిణులూ కారు, పాలిచ్చే తల్లులూ కారు. అయినా వారు పీల్చిన పొగ పాలనాళాల దాకా వెళ్ళింది.

తాగడం ఏ వయసులో మొదలైందన్న దానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

ఈ విషయంలో మనకున్న జ్ఞానమంతటిలోకీ ముఖ్యమైన భాగం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

శరీరంలోని చాలా అవయవాలు పుట్టేనాటికే దాదాపు పూర్తి రూపం సంతరించుకుంటాయి. రొమ్ము అలా కాదు. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యే రోజుల్లో పాలనాళాలు కొమ్మలు వేయడం మొదలుపెడతాయి, వాటి చివర కణాలు వేగంగా విభజన చెందుతాయి. నెలలు నిండిన తొలి కాన్పు తరువాత గానీ ఆ కణాలు పాలు తయారుచేసే పనికి పూర్తిగా కుదురుకోవు. ఈ రెండు ఘట్టాల మధ్య ఉన్న పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు రొమ్ము ఇంకా పూర్తిగా పక్వం కాని కణాలతో ఉంటుంది. విభజన చెందుతున్న కణం డీఎన్‌ఏకు దెబ్బ తగిలితే అది సరికాకముందే తరువాతి కణాలకు సంక్రమించే ప్రమాదం ఎక్కువ.

ఇది ఊహ మాత్రమే కాదనడానికి 1945 నాటి హిరోషిమా, నాగసాకి సాక్ష్యం ఉంది. అణుబాంబు రేడియేషన్‌కు గురైనవారిలో బాల్యంలో, కౌమారంలో ఉన్న ఆడపిల్లలకే తరువాతి కాలంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు అందరికంటే ఎక్కువ పెరిగింది. నడివయసు దాటినవారిలో ఆ ప్రభావం బాగా తక్కువ. పొగ విషయంలోనూ అదే వరస కనిపిస్తుంది. పైన చెప్పిన అమెరికా అధ్యయనంలో పిల్లలున్న స్త్రీలను చూస్తే, రజస్వల కాకముందే తాగడం మొదలుపెట్టినవారికి ముప్పు 61 శాతం, రజస్వల అయ్యాక తొలి కాన్పుకు 11 లేదా అంతకంటే ఎక్కువ ఏళ్ళ ముందు మొదలుపెట్టినవారికి 45 శాతం ఎక్కువగా ఉంది. బ్రిటన్ అధ్యయనంలో 17 ఏళ్ళు నిండకముందే మొదలుపెట్టినవారికి అది 24 శాతం.

మన అమ్మాయిలకు దీనితో సంబంధం ఉంది. మన అమ్మమ్మల కాలంలో రజస్వల కావడానికీ తొలి కాన్పుకూ మధ్య నాలుగైదేళ్ళ వ్యవధి ఉండేది. ఇప్పుడు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో చదువు, ఉద్యోగం, పెళ్ళి అయ్యాక ముప్పై ఏళ్ళకు తల్లి అయ్యే అమ్మాయికి ఆ వ్యవధి పదిహేడు, పద్దెనిమిదేళ్ళు. ఆలస్యంగా తల్లి కావడం తప్పు కాదు, దానికి మంచి కారణాలే ఉన్నాయి. అయితే కాలేజీ రోజుల్లో సరదాగా మొదలైన సిగరెట్ సరిగ్గా ఆ సున్నితమైన కాలంలో పడుతుందన్న సంగతి ఆ వయసులోనే వారికి తెలియాలి.

ఇంత చిన్న ప్రశ్నను శాస్త్రవేత్తలు ఇన్నేళ్ళు ఎందుకు తేల్చలేకపోయారు?

సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లోనే అమెరికా, బ్రిటన్ పరిశోధకులు స్పష్టంగా చూపించారు. రొమ్ము విషయంలో అడ్డువచ్చినవి ప్రధానంగా మూడు చిక్కులు.

మొదటిది మద్యం. పాశ్చాత్య దేశాల్లో సిగరెట్ తాగే స్త్రీలలో చాలామందికి మద్యం అలవాటు కూడా ఉంటుంది, మద్యం రొమ్ము క్యాన్సర్‌కు నిర్ధారిత కారణం. 53 అధ్యయనాలలోని 58,515 మంది రోగుల సమాచారాన్ని ఒకచోట చేర్చి 2002లో ప్రచురించిన విశ్లేషణలో రోజుకు ప్రతి 10 గ్రాముల ఆల్కహాల్‌కు ముప్పు 7 శాతం చొప్పున పెరుగుతోందని తేలింది. అదే విశ్లేషణలో మద్యం ముట్టని స్త్రీలను మాత్రమే విడదీసి చూసినప్పుడు సిగరెట్ ప్రభావం దాదాపు కనిపించలేదు. దానితో చాలామంది ఈ ప్రశ్న ముగిసిందనుకున్నారు. కానీ ఆ లెక్కలో తాగడం మొదలుపెట్టిన వయసుకూ తొలి కాన్పుకూ మధ్య ఉన్న వ్యవధిని ఇప్పటిలా పట్టించుకోలేదు. ఆ వ్యవధిని లెక్కలోకి తీసుకున్న తరువాతి అధ్యయనాలు, మద్యం ప్రభావాన్ని సరిచేసిన తరువాత కూడా, పెరుగుదలను చూపించాయి.

రెండో చిక్కు, పోల్చడానికి తీసుకున్న 'తాగని స్త్రీలు' నిజంగా పొగకు దూరంగా ఉన్నవారు కాకపోవడం. భర్త, తండ్రి, పక్క బల్ల దగ్గరి ఉద్యోగి వదిలిన పొగను ఏళ్ళ తరబడి పీల్చినవారిని కూడా 'పొగ తగలనివారు' అని లెక్క వేస్తే తేడా చిన్నదిగా కనబడటం సహజం.

మూడోది హార్మోన్ల వ్యవహారం. దాని గురించి తరువాతి ప్రశ్నలో చెబుతాం.

ఈ కారణాల వల్ల సంస్థల తీర్పులు కూడా ఒకే మాట మీద లేవు. కెనడాలో నియమించిన నిపుణుల బృందం 2009లో సిగరెట్‌కూ రొమ్ము క్యాన్సర్‌కూ మధ్య ఉన్నది కారణ సంబంధమేనని చెప్పడానికి ఆధారాలు అనుకూలంగా ఉన్నాయని ప్రకటించింది. అదే ఏడాది సమావేశమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బృందం ఆధారాలు ఉన్నాయి గానీ పరిమితంగా ఉన్నాయని తేల్చింది. అమెరికా ప్రభుత్వ ప్రధాన ప్రజారోగ్య అధికారి (సర్జన్ జనరల్) 2014 నివేదిక సంబంధం ఉన్నట్లు ఆధారాలు సూచిస్తున్నాయని, కారణమని నిర్ధారించడానికి అవి ఇంకా చాలవని చెప్పింది. ఈ మూడు వాక్యాల మధ్య తేడా ఎంత గట్టిగా చెప్పాలన్న దాని గురించే. సంబంధమే లేదని మాత్రం ఆ మూడింటిలో ఏదీ చెప్పలేదు.

పొగ ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ ప్రభావాన్ని తగ్గిస్తుందని చదివాను. అలాగైతే అది రక్షణ కాదా?

పొగ తాగే స్త్రీలలో ముట్లు ఒకటి రెండేళ్ళు ముందే ఆగిపోతాయన్నది నిజం. గర్భాశయం లోపలి పొర క్యాన్సర్ వారిలో తక్కువగా కనిపించడమూ నిజమే. ఈస్ట్రోజన్ తగ్గితే రొమ్ము క్యాన్సర్ కూడా తగ్గాలి కదా అన్న వాదన అక్కడి నుంచే వచ్చింది. కానీ ఒకవైపు హార్మోన్ మేలు కొంత జరుగుతున్నా, మరోవైపు క్యాన్సర్ కారకాలు డీఎన్‌ఏను దెబ్బతీస్తూనే ఉంటాయి. రెండింటి నికర ఫలితం పెరుగుదలే అని దీర్ఘకాల అధ్యయనాలు చూపుతున్నాయి. ముట్లు ముందే ఆగిపోవడం వల్ల ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు త్వరగా రావడం వంటి నష్టాలు ఎలాగూ ఉన్నాయి.

నాకు అలవాటు లేదు. మా ఆయన ఇంట్లోనే తాగుతారు. నాకు ముప్పు ఉందా?

తెలుగు ఇళ్ళలో స్త్రీలకు ఎదురయ్యే అసలు ప్రశ్న ఇదే. 2016-17లో జరిగిన జాతీయ వయోజన పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో పొగ తాగేవారు 2 శాతమే; కానీ ఇంట్లో ఇతరులు వదిలే పొగకు గురవుతున్న వయోజనులు 38.7 శాతం.

ఆధారాలు ఇక్కడ మరింత చీలి ఉన్నాయి. కాలిఫోర్నియా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2005లో, ఇంకా ముట్లు ఆగని స్త్రీలలో ఇతరుల పొగ రొమ్ము క్యాన్సర్‌కు కారణమవుతుందని తేల్చింది. అమెరికాలో 2011లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, తాము తాగకపోయినా బాల్యం నుంచి ఇంట్లోనూ, పనిచోటా అత్యధికంగా పొగకు గురైన స్త్రీలలో ముప్పు 32 శాతం ఎక్కువగా కనిపించింది. దీనికి విరుద్ధంగా బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా పొగ తాగని స్త్రీలను గమనించి 2008లో ప్రచురించిన ఫలితాల్లో ఏ పెరుగుదలా కనబడలేదు; జబ్బు వచ్చాక పాత సంగతులు గుర్తుచేసుకుని చెప్పడంలో జరిగే పొరపాట్లే కొన్ని అధ్యయనాల్లో పెరుగుదలగా కనిపించాయని ఆ పరిశోధకులు వాదించారు.

కాబట్టి భర్త సిగరెట్ వల్లే భార్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని ఎవరూ రుజువు చేయలేరు. ఆ మాట అని కుటుంబంలో నిప్పు పెట్టడం తగదు. అయితే ఆ పొగ వల్ల భార్యకు గుండె జబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్, పిల్లలకు ఉబ్బసం, చెవిలో చీము వస్తాయనడంలో సందేహమేమీ లేదు. బాల్కనీలోకి వెళ్ళి తాగినా, తలుపు సందుల్లోంచి పొగ లోపలికి వస్తుంది. ఎదిగే ఆడపిల్ల ఉన్న ఇంట్లో, పైన చెప్పుకున్న వయసు సంగతిని బట్టి, ఇంటి లోపలా బాల్కనీలోనూ తాగకూడదన్న నియమం పెట్టుకోవడమే న్యాయం.

చుట్ట, బీడీ, ఖైనీ సంగతి ఏమిటి?

పైన పేర్కొన్న సంఖ్యలన్నీ దాదాపుగా సిగరెట్ తాగిన పాశ్చాత్య స్త్రీల నుంచి వచ్చినవి. చుట్టలోనూ బీడీలోనూ కాలేది పొగాకే, వెలువడేవి అవే క్యాన్సర్ కారకాలు.

ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అలవాటును చూసినవారికి దీన్ని వేరుగా చెప్పనక్కరలేదు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పల్లెల్లో వయసు మళ్ళిన స్త్రీలు చుట్టను వెలిగించి, కాలే కొసను నోటి లోపల పెట్టుకుని పెదవులు మూస్తారు. బయటికి కనిపించేది వెలిగించని కొసే. గాలికి ఆరిపోదు, నిప్పురవ్వ చీర మీద పడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఆ నిప్పు వేడి నేరుగా తగిలేది అంగిటికి. ఈ ప్రాంతంలో పదివేల మందికి పైగా గ్రామస్తులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం అడ్డపొగ తాగేవారి అంగిట్లో వచ్చే మార్పులను ప్రపంచానికి తెలిపింది. వారికి అన్నిటికంటే పెద్ద భయం అంగిటి క్యాన్సర్. ఆ ఇళ్ళకు వెళ్ళే ఆరోగ్య కార్యకర్తలు ముందు నోరు చూడాలి, తరువాత రొమ్ము.

ఖైనీ, గుట్కా, జర్దా వంటి పొగరాని పొగాకు వల్ల నోటి క్యాన్సర్, అన్నవాహిక క్యాన్సర్, క్లోమ క్యాన్సర్ వస్తాయని నిర్ధారణ అయింది.

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నేను మరింత జాగ్రత్తగా ఉండాలా?

ఉండాలి. బ్రిటన్ అధ్యయనంలో దగ్గరి రక్తసంబంధీకులకు ఈ జబ్బు ఉండి, తాము పొగ తాగిన స్త్రీలలో ముప్పు, అదే కుటుంబ చరిత్ర ఉండి తాగనివారికంటే 35 శాతం ఎక్కువ. కుటుంబ చరిత్రను మార్చలేం గనుక, మార్చగలిగిన దాన్ని మార్చుకోవడానికి మీకు ఇతరులకంటే బలమైన కారణం ఉంది.

మానేస్తే ముప్పు పోతుందా?

తగ్గుతుంది, కానీ నెమ్మదిగా. గుండెపోటు ముప్పు మానేసిన ఏడాదిలోనే గణనీయంగా పడిపోతుంది. రొమ్ము క్యాన్సర్ ముప్పు మామూలు స్థాయికి రావడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టవచ్చు. ఆ కాలాన్ని చూసి నిరుత్సాహపడకండి, ఎందుకంటే గుండె వంటి అవయవాలు అంతకంటే చాలా ముందే మేలు పొందుతాయి.

పొగ తాగేవారికి రొమ్ములో చీము గడ్డలు వస్తాయంటారు, అవి క్యాన్సరేనా?

కావు. చనుమొన చుట్టూ ఉన్న పాలనాళాలు వాచి, చీము పట్టి, నయమైనట్టే అయి మళ్ళీ మళ్ళీ తిరగబెట్టే జబ్బు ఒకటి పాలివ్వని యువతులలో, ముఖ్యంగా పొగ తాగేవారిలో కనిపిస్తుంది. అందులో చనుమొన లోపలికి లాక్కుపోవచ్చు. క్యాన్సర్ లక్షణం కూడా అదే కాబట్టి ఊహించుకోకుండా డాక్టర్‌కు చూపించి స్కానింగ్, అవసరమైతే బయాప్సీ చేయించుకోవాలి. పొగ మానకపోతే ఆపరేషన్ చేసినా ఈ జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

రొమ్ము క్యాన్సర్ వచ్చేసింది. ఇక మానేసి ఏం లాభం?

చాలా లాభం ఉంది, ఈ సంగతి ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళే ప్రతి రోగికీ తెలియాలి.

ఆపరేషన్ దగ్గర మొదలుపెడదాం. నికోటిన్ చిన్న రక్తనాళాలను బిగిస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్‌కు ఉండవలసిన చోటును ఆక్రమిస్తుంది. కుట్ల అంచులకు రక్తం చాలక గాయం మానదు, చర్మం నల్లబడుతుంది, చీము పడుతుంది. పొట్ట దగ్గరి కండను తీసి రొమ్మును పునర్నిర్మించే ఆపరేషన్లలో ఈ బెడద మరీ ఎక్కువ. అందుకే సర్జన్లు కనీసం నాలుగు వారాల ముందు మానమని చెబుతారు.

తరువాత రేడియేషన్. రొమ్ముకు ఇచ్చే కిరణాలు కొంత ఊపిరితిత్తులకు, గుండెకు కూడా తగులుతాయి. ఆధునిక పద్ధతుల్లో ఇచ్చిన రేడియేషన్ వల్ల తరువాతి కాలంలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించే అదనపు ముప్పు పొగ తాగనివారికి సుమారు 0.3 శాతం, ఏళ్ళ తరబడి తాగుతూ, చికిత్స తరువాత కూడా కొనసాగించేవారికి సుమారు 4 శాతం అని 2017లో ప్రచురించిన అంతర్జాతీయ విశ్లేషణ అంచనా వేసింది. గుండె జబ్బుతో మరణించే అదనపు ముప్పు కూడా వరుసగా 0.3, 1 శాతాలు. తాగనివారికి రేడియేషన్ చేసే మేలు ఈ ముప్పుకంటే చాలా ఎక్కువ, వారు భయపడి చికిత్స మానుకోకూడదు. తాగేవారు మాత్రం మొదటి సిట్టింగ్‌కు ముందే మానేయడం మంచిది.

ఇక ఆయుష్షు. అమెరికాలో 20,691 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు నిర్ధారణ అయ్యాక కూడా తాగడం కొనసాగించినవారికి, ఎన్నడూ తాగనివారితో పోలిస్తే, రొమ్ము క్యాన్సర్‌తో మరణించే అవకాశం 72 శాతం ఎక్కువ. నిర్ధారణ తరువాత మానేసినవారిలో ఆ మరణాలు కొనసాగించినవారికంటే తక్కువగా కనిపించాయి; మానినవారి సంఖ్య తక్కువ కావడంతో ఈ తేడాను నిర్ధారితమని అనలేం. శ్వాసకోశ క్యాన్సర్ మరణాలు తగ్గడం మాత్రం స్పష్టంగా తేలింది.

మానడానికి మందులు వాడవచ్చా?

వాడవచ్చు, అయితే డాక్టర్‌కు చెప్పకుండా వద్దు. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామాక్సిఫెన్ మాత్రలు వాడుతున్నవారు పొగ మానడానికి ఇచ్చే బ్యుప్రోపియాన్ విషయంలో జాగ్రత్తపడాలి. టామాక్సిఫెన్ మన కాలేయంలోని ఒక ఎంజైము సాయంతో చురుకైన రూపంలోకి మారితేనే పూర్తిగా పనిచేస్తుంది. బ్యుప్రోపియాన్ ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది. వారికి వారెనిక్లిన్ లేదా నికోటిన్ గమ్ వంటి వేరే మార్గాలు ఉన్నాయి. ఆపరేషన్ దగ్గరలో ఉంటే గమ్ గురించి కూడా సర్జన్‌ను అడగాలి, ఎందుకంటే అందులో ఉన్నదీ నికోటినే. పొగాకు మానాలనుకునేవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356 పొగాకు ప్యాకెట్ల మీదే ముద్రించి ఉంటుంది.

సిగరెట్ తాగే తల్లి బిడ్డకు పాలివ్వకూడదా?

ఇవ్వాలి, సిగరెట్ మానాలి. పాలివ్వడం తల్లికే రక్షణ: మొత్తం మీద ప్రతి 12 నెలలు పాలిచ్చినందుకు రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 4 శాతం తగ్గుతుంది. వెంటనే మానలేకపోతే బిడ్డ దగ్గర తాగకూడదు, పాలిచ్చే ముందు తాగకూడదు.

నేను ఎన్నడూ తాగలేదు. పరీక్షలు అవసరమా?

అవసరమే. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే స్త్రీలలో అత్యధికులు జీవితంలో ఒక్క సిగరెట్ కూడా తాగనివారు. వయసు, వంశపారంపర్యం, హార్మోన్లు, బరువు వంటివి ఎక్కువగా పనిచేస్తాయి. "నాకు ఏ చెడు అలవాటూ లేదు" అన్న ధీమాతో నొప్పి లేని గడ్డను నెలల తరబడి వదిలేయడం వల్ల చాలా నష్టం జరుగుతోంది. ప్రభుత్వ కార్యక్రమం కింద 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకోసారి ఆరోగ్య సిబ్బంది చేతితో రొమ్ము పరీక్ష చేయాలి. గడ్డ, చర్మంపై సొట్ట, చనుమొన నుంచి రక్తం, చంకలో బిళ్ళ కనబడితే ఆ వంతు కోసం ఆగకుండా ఆ వారంలోనే చూపించుకోవాలి.

డాక్టర్ అడిగినప్పుడు అలవాటు గురించి చెప్పాలా? అందరి ముందూ ఇబ్బందిగా ఉంటుంది.

ఓపీ గదిలో కేసు షీటు రాసే చోట ఇది రోజూ జరుగుతుంది. "సిగరెట్, చుట్ట, ఖైనీ ఏమైనా అలవాటు ఉందా?" అని అడగగానే, పక్కన అత్తగారో కొడుకో ఉంటే స్త్రీలు తల అడ్డంగా ఊపుతారు, షీటులో 'లేదు' అని పడిపోతుంది. ఆ ఒక్క మాట మీద ఆధారపడి మత్తు డాక్టర్ మందు మోతాదు లెక్కవేస్తారు, రేడియేషన్ డాక్టర్ ఊపిరితిత్తుల రక్షణ ఎంత కావాలో చూస్తారు. పరీక్ష కోసం మీ వెంట వచ్చినవారిని బయట కూర్చోమని నర్సుకు చెప్పించే హక్కు మీకు ఉంది. అప్పుడు మూడు సంగతులు చెప్పండి: ఏ వయసులో మొదలుపెట్టారు, రోజుకు ఎన్ని, ఎప్పుడు మానేశారు లేదా మానలేదు. మీరు తాగకపోయినా ఇంట్లో ఎవరైనా తాగుతుంటే అది కూడా రాయించండి.